వినబడుతోందా? మా ట్యూటర్ల ట్రైనింగ్ డైరీ

జూన్ 9, సోమవారం

ఇవాళంతా ఫోన్లతోనే సరిపోయింది. హనుమకొండలో మాదో చిన్న దూరవిద్యా కేంద్రం. బీకాం, బీఏ ఆన్‌లైన్‌లో చెప్తాం, నేను అకడమిక్ కో-ఆర్డినేటర్‌ని. మొదటి సెమిస్టర్‌లో చేరినవాళ్లలో చాలామంది రెండో సెమిస్టర్ వచ్చేసరికి కనబడరు. ప్రతి ఏడూ "ఇంటి పనులు", "నెట్ సమస్య" అని రెండు కారణాలు రాసి ఫైలు కట్టేస్తాం. ఈసారి కట్టేముందు, ఆగిపోయినవాళ్లలో ఒక నలభై మందికి నేనే ఫోన్ చేద్దామని కూర్చున్నాను.

ఇరవై ఆరు మంది ఎత్తారు. పాఠాలు కష్టంగా ఉన్నాయన్నవాళ్లు నలుగురే. మిగతావాళ్లు చెప్పింది ఒక్కొక్కరిది ఒక్కో కథ, కానీ ఒకావిడ అడిగిన ప్రశ్న మాత్రం సాయంత్రం దాకా వదల్లేదు. ములుగు వైపు అంగన్‌వాడీ టీచర్. "నేను బంద్ చేసినట్టు మీకెట్ల తెలిసింది సార్?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది. ఆమె లాగిన్ అవ్వడం మానేసి అప్పటికి ఎనిమిది నెలలు. ఫీజు కట్టింది, పుస్తకాలు తెప్పించుకుంది, రెండు అసైన్‌మెంట్లు పెట్టింది, ఆ తర్వాత ఆగిపోయింది, ఇవతల మనుషులున్నారని ఆమెకు అనిపించే సందర్భం ఒక్కటీ రాలేదన్నమాట.

మైకేల్ మూర్ అనే ఆయన 1970ల నుంచీ చెప్తున్న మాట ఒకటుంది. దూరవిద్యలో దూరాన్ని కిలోమీటర్లలో కొలవకూడదు, టీచరుకూ విద్యార్థికీ మధ్య మాటామంతీ ఎంత ఉంది, పాఠం చట్రం ఎంత బిగుసుకుపోయి ఉంది అన్నదాన్ని బట్టి ఆ దూరం పెరుగుతుంది, తగ్గుతుంది అని. బీఎడ్ రోజుల్లో పరీక్ష కోసం బట్టీ పట్టిన మాటే. ములుగు మా ఆఫీసుకు గంటన్నర బస్సు ప్రయాణం, అంతే.

డైరెక్టర్ గారు వెంటనే ఒప్పుకున్నారు, స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇప్పిద్దామని. ఆయన మనసులో ఉన్నది హోటల్లో ఒకరోజు సాఫ్ట్ స్కిల్స్ వర్క్‌షాపు, బయటి ట్రైనరు, మధ్యాహ్నం బిర్యానీ, చివర్లో గ్రూప్ ఫోటో. నేను అడిగింది రెండు నెలలపాటు మంగళ, గురువారాలు సాయంత్రం నాలుగింటికి ఒక గంట. హోటల్ ఖర్చు మిగులుతుందని చెప్తే సరేనన్నారు. మొత్తం పదిహేను మంది: ట్యూటర్లు ఎనిమిది, హెల్ప్‌డెస్క్ ముగ్గురు, పరీక్షల విభాగం ఇద్దరు, వీడియో వాళ్లిద్దరు.

జూన్ 12, గురువారం

మొదటి క్లాసులో నేను పాఠమేమీ చెప్పలేదు. అందరి ల్యాప్‌టాప్‌లూ మూయించి, వైఫై ఆపించి, ఇళ్లలో మూలన పడేసిన పాత ఫోన్లు తెమ్మన్నాను కదా, వాటిలో మన కోర్సులో మనమే కొత్తగా చేరదాం అన్నాను. అదే పని. చేరాలి, మొదటి పాఠం తెరవాలి, ఒక సందేహం అడగాలి.

లెక్కలు చెప్పే మేడమ్‌కి మొదటి పాఠం దాకా చేరడానికి ముప్పై ఒక్క నిమిషాలు పట్టింది. ఆమె మన సిస్టమ్‌లో నాలుగేళ్లుగా పాఠాలు చెప్తోంది! ఫోటో సైజు ఎక్కువైందంటుంది, కుల ధ్రువీకరణ పత్రం పీడీఎఫ్‌లోనే కావాలంటుంది, పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం లేదంటుంది, అంతా అయ్యాక మళ్లీ మొదటికొస్తుంది. కామర్స్ సార్ మధ్యలోనే ఫోన్ బల్ల మీద పెట్టేసి "నేనైతే ఇక్కడికే డ్రాపౌట్" అన్నారు. నవ్వుకున్నాం గానీ, ఆయన మళ్లీ ఫోన్ ముట్టుకోలేదు.

తర్వాత సందేహాలు పంపినవాళ్లకు జవాబులు రావడం మొదలైంది. "మీ అభ్యర్థన స్వీకరించబడినది." అందరికీ అదే. దాని వెనకే పరీక్షల విభాగం నుంచి ఆటోమేటిక్‌గా వచ్చే మెసేజ్: "నిర్ణీత గడువులోగా రుసుము చెల్లించనియెడల మీ ప్రవేశము రద్దు చేయబడును." చేరి గంట కాలేదు, రద్దు చేయబడును!

పరీక్షల విభాగం పెద్దాయన అది పైకి చదివారు. రెండోసారి మెల్లగా చదివారు. "ఇది నేను రాసిందే, అంతకుముందున్న సర్క్యులర్ చూసి రాసిన. కోర్టు నోటీసు లెక్కున్నది గదా" అన్నారు. నేను వారం రోజులు వాదించి చెప్పాల్సిన సంగతి ఆయన పాత ఫోన్‌లో తనే చదువుకున్నారు.

జూన్ 17, మంగళవారం

ఇవాళ మెసేజ్‌ల మరమ్మతు. సిస్టమ్ నుంచి వెళ్లేవన్నీ ప్రింట్ తీసి గోడకు అంటించాం, నలభైకి పైనే తేలాయి. వీటిలో సగం ఎవరు రాశారో కూడా ఎవరికీ తెలీదు.

మన ఆఫీసు తెలుగులో ఉన్న పెద్ద చిక్కు ఆ "బడును". చెల్లించబడవలెను, పరిగణించబడదు, తిరస్కరించబడినది. చేసినవాడు ఎవడో కనబడకుండా పోతాడు. తిరస్కరించింది ఎవరు? ఎందుకు? మళ్లీ పెట్టొచ్చా? వాక్యంలో మనిషే లేకపోతే అడగడానికి ఎవర్ని అడుగుతారు. పాత మెసేజ్: "మీ అసైన్‌మెంట్ అసంపూర్ణముగా ఉన్నందున తిరస్కరించబడినది." అరగంట కుస్తీ పట్టాక కొత్తది ఇలా తేలింది: "(పేరు) గారూ, మీ అసైన్‌మెంట్ అందింది, కానీ అందులో మూడో పేజీ లేదు. ఫోటో తీసేటప్పుడు తప్పిపోయినట్టుంది. శనివారం లోపు ఆ ఒక్క పేజీ పంపితే చాలు, మిగతావి మళ్లీ పంపక్కర్లేదు." చివరి ముక్క హెల్ప్‌డెస్క్ అమ్మాయి కలిపింది. పేజీ తప్పిపోయిందంటే పిల్లలు భయపడి మొత్తం ఇరవై పేజీలూ మళ్లీ ఫోటోలు తీసి పంపుతారట, ఈ సంగతి రోజూ ఆ ఫోటోలు చూసే ఆమెకు తప్ప మాకెవరికీ తెలీదు.

స్వీడన్ దేశపు బోరియె హోల్మ్‌బెర్గ్ దూరవిద్య మీద రాస్తూ, అచ్చులో ఉన్న పాఠం కూడా ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉండాలన్నాడు. ఆన్‌లైన్ పుట్టకముందు పోస్టులో పాఠాలు పంపే కాలం నాటి ఆలోచన. దాన్ని మావాళ్లకు చెప్పాక అతి మొదలైంది. హెల్ప్‌డెస్క్‌లోనే ఇంకొకరు ప్రతి మెసేజ్‌కీ ముందు "డియర్", వెనక నాలుగు పువ్వు బొమ్మలూ పెట్టారు. మా విద్యార్థుల్లో నలభై ఐదేళ్ల కానిస్టేబుళ్లున్నారు, ఆర్టీసీ కండక్టర్లున్నారు. ఫీజు గుర్తుచేస్తూ వాళ్లకు గులాబీలెందుకు?

పిలుపు దగ్గర పెద్ద చర్చే జరిగింది. విజయవాడ నుంచి వచ్చిన ఇంగ్లీషు మేడమ్‌కి ప్రతి మాట చివరా "అండీ" సహజంగా వస్తుంది, హెల్ప్‌డెస్క్‌లో ఉన్న జనగామ కుర్రాడికి అది నోరు తిరగదు, బలవంతంగా అంటే సేల్స్ కాల్ లాగుంటుంది. వాడు "అన్నా", "అక్కా" అంటే ఎంతో బావుంటుంది, కానీ అదే మాట ఇరవై ఆరేళ్ల ట్యూటరు యాభై ఏళ్లావిడతో అంటే? ఆమెకు బాగానే ఉండొచ్చు, ఉండకపోవచ్చు. చివరికి రాతలో అందరికీ "గారు", "మీరు". ఫోన్లో మాత్రం ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్లు, ఒక్క "నువ్వు" మాత్రం వద్దు, అవతలివాళ్లు పద్దెనిమిదేళ్ల పిల్లలైనా సరే. దీనికి ఇద్దరు సీనియర్లు మొహం మాడ్చుకున్నారు. మాడ్చుకోనీ.

ఒక చోట ఓడిపోయాను. మెసేజ్ కింద పంపినవాళ్ల పేరు ఉండాలన్నాను, "ఇట్లు పరీక్షల విభాగం" అని కాకుండా. పెద్దాయన ససేమిరా అన్నారు. పేరు పెడితే నంబరు కనుక్కుని రాత్రి పదింటికి ఫోన్లు చేస్తారని, ఇదివరకు ఒకసారి అలాగే జరిగిందని. ఆయన భయం నిజమే. పక్కన పెట్టాం.

జూన్ 26, గురువారం

లైవ్ క్లాసులు. ఒప్పుకున్నవాళ్ల రికార్డింగులు మాత్రమే తీసుకుని, స్టాప్‌వాచ్ పెట్టి చూశాం. ప్రశ్న అడిగాక ట్యూటరు ఎంతసేపు ఆగుతున్నారు అన్నదొక్కటే లెక్క.

"అర్థమైందా? ఓకే, నెక్స్ట్." ఒక సెకను కూడా లేదు. "ఏమైనా డౌట్లున్నయా? లేవు గదా." ఇందులో జవాబు కూడా ఆయనే చెప్పేశారు.

మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లోనే అమెరికా క్లాసురూముల్లో ఇది కొలిచింది. టీచర్లు సగటున ఒక సెకను ఆగుతున్నారని, ఆ ఆగడాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగవుతాయని, మామూలుగా నోరు తెరవనివాళ్లు కూడా మాట్లాడతారని తేల్చింది. అది ఎదురెదురుగా ఉన్నప్పటి మాట. ఆన్‌లైన్‌లో మన ప్రశ్న అవతలికి చేరాలి, వాళ్లు మ్యూట్ తీయాలి, ఆ బటన్ ఎక్కడుందో వెతకాలి, లేదా "సార్ స్టెప్ 2 అర్థం కాలే" అని ఫోన్ మీద ఒంటి వేలితో టైప్ చెయ్యాలి. మామూలు మాటల్లో ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి పట్టేది సుమారు సెకనులో ఐదో వంతే, పది భాషల్లో కొలిచి 2009లో అచ్చేశారు. మన చెవి దానికి అలవాటుపడింది కాబట్టి ఆన్‌లైన్‌లో నాలుగు సెకన్ల నిశ్శబ్దం వస్తే ట్యూటర్లకు టెన్షన్ మొదలవుతుంది, ఎవరూ లేరేమో, నెట్ పోయిందేమో అని "హలో, వినబడుతోందా?" అంటారు. సరిగ్గా అప్పుడే అవతల ఎవరో మ్యూట్ తీసి ఉంటారు, ఇద్దరి మాటలూ గుద్దుకుంటాయి, వాళ్లు "సారీ సార్" అని మళ్లీ మ్యూట్‌లోకి పోతారు. ఇది రికార్డింగుల్లో మేం ఏడుసార్లు చూశాం.

మనసులో అంకెలు లెక్కపెట్టమంటే ఎవరికీ కుదర్లేదు. కామర్స్ సార్ తనే ఒక ఉపాయం కనిపెట్టారు: ప్రశ్న అడిగి టీ ఒక గుక్క తాగుతారు. కొలిస్తే ఏడు సెకన్లు వచ్చింది. ఇప్పుడు ఎనిమిది మందీ క్లాసులోకి గ్లాసుతో వస్తున్నారు, ఇద్దరు మంచినీళ్లతో.

కెమెరాల గొడవ కూడా తేల్చాల్సి వచ్చింది. నల్ల డబ్బాలతో మాట్లాడి మాట్లాడి పిచ్చెక్కుతోందని ట్యూటర్లు, విద్యార్థుల చేత కెమెరా ఆన్ చేయించాలని పట్టు. వాళ్ల బాధ నాకూ తెలుసు. కానీ మా పిల్లలు ఒంటి గది ఇంట్లో వెనక వంట జరుగుతుండగా, డిపో రెస్ట్ రూములో, మేడ మీద ట్యాంకు పక్కన కూర్చుని వింటారు. పైగా స్క్రీన్ మీద అంతసేపు అంత దగ్గరగా మొహాలు చూడటం, తన మొహం తనకే కనబడుతుండటం, కదలకుండా కూర్చోవడం, సైగల కోసం అదనంగా కష్టపడటం, ఈ నాలుగే అలసటకు మూలమని స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్సన్ 2021లో రాశాడు. అందుకని విద్యార్థికి కెమెరా బలవంతం లేదు. ట్యూటరు మాత్రం మొదటి ఐదు నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు కనబడాలి.

మొహమాటం పోగొట్టడానికని ఇంగ్లీషు మేడమ్ క్లాసు మొదట్లో "మీ అభిమాన హీరో ఎవరు?" అని అడిగింది. పన్నెండు నిమిషాల్లో చాట్ కాలిపోయింది, ఇద్దరు గ్రూపు వదిలి వెళ్లిపోయారు. రాసి పెట్టుకోండి, తెలుగువాళ్ల దగ్గర ఆ ప్రశ్న అడగొద్దు. తర్వాతి వారం "ఇవాళ ఎక్కడ కూర్చుని వింటున్నారు?" అని మార్చింది. మేడ మీద, బస్టాండ్‌లో, అత్తగారింట్లో అని వచ్చాయి.

జులై 3, గురువారం

అసైన్‌మెంట్లు దిద్దడం. మా దగ్గర దిద్దిన కాగితాల మీద కనబడేవి మూడే మాటలు: గుడ్, శాటిస్‌ఫాక్టరీ, ఇంప్రూవ్. ఏం ఇంప్రూవ్ చెయ్యాలో దేవుడికే తెలియాలి.

ఇక్కడ కాస్త సొంత గోల. నేనూ దూరవిద్యలోనే డిగ్రీ చదివాను. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన హైదరాబాద్‌లో పెట్టారు, అంబేడ్కర్ పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. ఇక్కడ నా వయసువాళ్లలో ఆదివారం తరగతులకు వెళ్లినవాళ్లు ఇంటికొకరు దొరుకుతారు. అప్పట్లో నా జవాబు పత్రం మీద ఎవరో ఎర్ర సిరాతో "దస్తూరి బాగుంది. మూడో ప్రశ్నలో కారణం చెప్పారు, ఫలితం చెప్పలేదు" అని రాశారు. ఆ సార్ ఎవరో నాకు తెలీదు, మొహం చూడలేదు. ఆ పేజీ ఇంకా ఇంట్లో ఉంది.

1840లో ఇంగ్లండ్‌లో ఐజాక్ పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్‌ని పోస్టులో నేర్పినప్పుడు కూడా చేసింది ఇదే, విద్యార్థులు రాసి పంపినదాన్ని దిద్ది తిరిగి పంపడం. ఆ తిరిగి పంపడం లేకపోతే అది పుస్తకాలమ్ముకోవడమే అవుతుంది.

అందరికీ ఒకే జవాబు పత్రం ఇచ్చాను, తరుగుదల లెక్క. యంత్రం విలువ లక్ష, తరుగుదల 10 శాతం, తగ్గుతున్న నిల్వల పద్ధతిలో చెయ్యమన్నారు. విద్యార్థి రెండో ఏడాదికి కూడా 10,000 వేశాడు, 9,000 రావాలి. ఎనిమిది మందిలో ఐదుగురు అడ్డంగా గీత కొట్టి సున్నా వేశారు. లెక్కలు మేడమ్ మాత్రం ఇలా రాసింది: "మీరు చేసిన లెక్కలో తప్పు లేదు, కానీ అది స్థిర వాయిదాల పద్ధతి. ఇక్కడ రెండో ఏడాది యంత్రం విలువ ఎంత మిగిలిందో ముందు రాసుకోండి, దాని మీద 10 శాతం తీయండి. ఈ రెండు పద్ధతులూ కలిసిపోవడం చాలామందికి జరుగుతుంది." పైకి చదివితే గదిలో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కామర్స్ సార్, ఆయన సబ్జెక్టు కదా, "నా సున్నా తీసేస్తున్న" అన్నారు.

వాయిస్ మెసేజ్‌లూ ప్రయత్నించాం, ఒకటిన్నర నిమిషం మించకుండా. రాయడం కన్నా త్వరగా అవుతుంది, గొంతులో కోపం లేదని తెలుస్తుంది. బాగా పనిచేసింది, ఒక్క చోట తప్ప. వినికిడి లోపం ఉన్న విద్యార్థికి వాయిస్ పంపాం. చేరేటప్పుడు ఆ పిల్లవాడు ఫారంలో ఆ సంగతి స్పష్టంగా రాశాడు, మేం ఎవరం చూడలేదు. మనిషిని చూసుకోవాలని ట్రైనింగ్ నడుపుతూ ఆ మనిషి రాసిచ్చిన కాగితం చదవలేదు. క్షమించమని రాశాను, "పర్లేదు సార్, టైప్ చేసి పంపండి" అని జవాబిచ్చాడు. ఇకనుంచి ఎలా కావాలో ముందే అడుగుతాం.

అసలు ముడి సాయంత్రం పడింది. పొలిటికల్ సైన్స్ సార్ కాగితం మీద లెక్కేసి చూపించారు: మీరు చెప్పినట్టు రాస్తే పత్రానికి ఆరు నిమిషాలు, నా దగ్గర నూట పది పత్రాలు, అంటే పదకొండు గంటలు, నాకిచ్చే డబ్బు పత్రానికి ఇంత, మీరే చెప్పండి. నా దగ్గర జవాబు లేదు. డైరెక్టర్ గారి దగ్గరికి ఆ కాగితమే తీసుకెళ్లాను.

జులై 10, గురువారం

వాట్సాప్ గ్రూపులో చేర్చిన ఆడపిల్లల్లో కొందరు రెండో రోజే బయటికి పోతున్నారు. చదువు మీద ఆసక్తి లేదని అనుకున్నాం. హెల్ప్‌డెస్క్ అమ్మాయి ఫోన్ చేసి కనుక్కుంది: గ్రూపులో నంబర్లు అందరికీ కనబడతాయి, ఎవడో రాత్రిపూట "హాయ్" అని పెడుతున్నాడు. ఇంట్లో చూస్తే చదువే మాన్పిస్తారు. బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు మారుద్దామనుకున్నాం, అందులో ఒకరి నంబరు ఇంకొకరికి కనబడదు, కానీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది, అందుకని మొదటి ఫోన్లోనే నంబరు సేవ్ చేయించే పని పెట్టుకున్నాం. ఆ "హాయ్" గాళ్ల సంగతి వేరే చూశాం.

ఇంకొకటి, గల్ఫ్ విద్యార్థులు. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి పోయినవాళ్లు మా దగ్గర బీకాం చదువుతున్నారు. రాత్రి ఏడింటి క్లాసు అంటే రియాద్‌లో సాయంత్రం నాలుగున్నర, డ్యూటీలో ఉంటారు. టైమ్ మార్చమని ఒకతను అడిగితే మేమిచ్చిన జవాబు "తరగతి సమయము మార్చబడదు". ఇది గోడ మీద అంటించిన నలభైలో లేదు, ఎవరో చేత్తో టైప్ చేసింది! ఆ జబ్బు వేళ్లలోకి కూడా పాకిందన్నమాట.

అతనికి వీడియో కాల్ చేస్తే క్యాంపులో మంచం మీద కూర్చుని మాట్లాడాడు. క్లాసు కన్నా పెద్ద బాధ ఇంకోటుంది. ఓటీపీ ఇండియా నంబరుకు వస్తుంది, ఆ సిమ్ ఊళ్లో తమ్ముడి దగ్గరుంది, లాగిన్ కావాలంటే తమ్ముడికి ఫోన్ చెయ్యాలి, తమ్ముడు పొలంలో ఉంటే ఆ రోజుకు చదువు లేదు. ఓటీపీని మెయిల్‌కి పంపేలా మార్చడానికి మా సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ఒక పూట పట్టింది. రెండేళ్లుగా ఎవరూ అడగలేదు, ఒక పూట పని. క్లాసు కూడా శుక్రవారం ఒకటి రాత్రి తొమ్మిదిన్నరకు పెట్టాం, సౌదీలో, కువైట్‌లో వాళ్లకు సెలవు. దుబాయ్ వాళ్లకు 2022 నుంచి శని, ఆదివారాలు సెలవు కాబట్టి వాళ్లు రికార్డింగే చూసుకుంటామన్నారు.

జులై 22, మంగళవారం

ఇవాళ క్లాసు నేననుకున్నట్టు జరగలేదు. కోపంగా ఫోన్ చేసే విద్యార్థితో ఎలా మాట్లాడాలో నటించి చూపిస్తున్నాం. నేను విద్యార్థి, జనగామ కుర్రాడు హెల్ప్‌డెస్క్. రెండు నిమిషాలు బాగానే మాట్లాడి హఠాత్తుగా ఆపేశాడు. "సార్, ప్రేమగా మాట్లాడమంటున్రు, మాట్లాడుత. గని నా చేతుల ఏమున్నది? రెండు వందల లేట్ ఫీజు గూడ నేను తీసెయ్యలేను. వాళ్ల నాయన సచ్చిపోయిండంటే అయ్యో అంటా, మళ్ల ఫీజు కట్టమంటా. గట్ల అయ్యో అనుడు కన్నా ఊకునుడు నయం."

ఆరు వారాలుగా నేను మాటల మీదే కూర్చున్నాను. మాట మెత్తగా, చెయ్యి కట్టేసి ఉంటే అది నటనే, ఫోన్ అవతల వాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది.

డైరెక్టర్ గారితో గంటసేపు. నేనడిగింది: హెల్ప్‌డెస్క్‌లో ఎవరైనా ఎవర్నీ అడగకుండా అసైన్‌మెంట్ గడువు ఏడు రోజులు పెంచొచ్చు, ఒక సెమిస్టర్‌లో ఒకసారి లేట్ ఫీజు తీసేయొచ్చు, ఎందుకో ఒక ముక్క రాసిపెడితే చాలు. ఆయన భయం, అందరూ నాయనల్ని చంపేస్తారని. ఒక నెల చూద్దామన్నారు. దిద్దే పత్రాలకు డబ్బు కూడా పెంచారు, పొలిటికల్ సైన్స్ సార్ అడిగినంత కాదు, సగం. ఆయన "సగం నవ్వుతా" అన్నారు.

ఇంకో సంగతి కూడా ఇవాళే తేల్చాం. ఎవరైనా ఫోన్లో ఏడిస్తే, బతకాలని లేదంటే ఏం చెయ్యాలి. మనం డాక్టర్లం కాదు, సలహాలివ్వొద్దు, "అట్లనకండి" అని కొట్టిపారేయొద్దు, ఫోన్ పెట్టేయొద్దు. వినాలి, ఇంట్లో ఎవరున్నారో అడగాలి, 14416 చెప్పాలి, అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు, వెంటనే నాకు చెప్పాలి. ఆ నంబరు ప్రతి బల్ల మీదా అంటించాం. ఇంటికెళ్లేటప్పుడు హెల్ప్‌డెస్క్ అమ్మాయి మెల్లగా చెప్పింది, పోయిన ఏడాది అలాంటి ఫోన్ ఒకటి వచ్చిందని, ఎవరికి చెప్పాలో తెలీక రెండు రోజులు అన్నం సయించలేదని. ఇది మొదటి వారంలోనే పెట్టాల్సిన క్లాసు.

ఆగస్టు 5, మంగళవారం

వీడియోలు. మావి స్టూడియోలో కోటు వేసుకుని తీసినవి, ఒక్కోటి యాభై రెండు నిమిషాలు. ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైటు ఎడెక్స్‌లో 69 లక్షల వీక్షణలు తీసుకుని ఫిలిప్ గువో బృందం 2014లో చూసింది, ఆరు నిమిషాల లోపు వీడియోల్నే జనం నిలబడి చూస్తున్నారని, ఖరీదైన స్టూడియో వీడియోల కన్నా బల్ల దగ్గర కూర్చుని మామూలుగా మాట్లాడినవే ఎక్కువ పట్టి ఉంచుతున్నాయని. మావాళ్లు కోటు విప్పడానికే వారం పట్టింది.

లెక్కలు మేడమ్ ఇంట్లోనే తీసింది, స్టూలు తలకిందులుగా పెట్టి దాని కాళ్లకు ఫోన్ కట్టి, కింద కాగితం మీద లెక్క చేస్తూ. సరిగ్గా రెండో మెట్టు దగ్గర వీధిలోంచి మైకు: "పాత ఇనుప సామాన్లు, పాత పుస్తకాలు కొంటాం." ఆమె పెన్ను ఆపి, "ఈయన్ని పోనీయండి, ఈలోగా మీరు ఆ కింది లైను చేసి చూడండి" అంది. ముప్పై సెకన్లు, తెర మీద ఖాళీ కాగితం. వీడియో వాళ్లు కత్తిరిస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు. కింద వచ్చిన మొదటి ప్రశ్న, "మేడమ్ మీది ఏ వాడ, మాకూ ఆయనే వస్తడు."

చాట్‌బాట్ పెడదామని పైనుంచి ఒత్తిడి ఉంది. ఫీజు ఎప్పుడు, హాల్ టికెట్ ఎప్పుడు అనేవాటికి పెట్టుకుందాం, నాకేం అభ్యంతరం లేదు, అర్ధరాత్రి కూడా జవాబిస్తుంది. దానికి ఒక ఆడపిల్ల పేరు పెట్టి ఫోటో పెడదామన్నారు, అక్కడ మాత్రం గట్టిగా అడ్డం పడ్డాను. మిషన్ అని రాయండి, మనిషి కావాలంటే నొక్కడానికి ఒక బటన్ పెట్టండి.

ఆగస్టు 14, గురువారం

చివరి క్లాసు. ప్రతి వారం అందరికీ ఫోన్ చేద్దామన్న నా గొప్ప ఐడియా రెండో వారంలోనే కూలిపోయింది, అంత మందికి కుదిరే పని కాదు. ఇప్పుడు నడుస్తున్నది ఇది: మా కోర్సులు నడిచే సాఫ్ట్‌వేర్ మూడ్‌ల్‌లో విద్యార్థుల జాబితా తీసి, ఇన్ని రోజులుగా రానివాళ్లు అని ఫిల్టర్ పెట్టొచ్చు. పది రోజులు రాకపోతే పేరు జాబితాలోకి వస్తుంది, రెండు రోజుల్లోపు ఒక మనిషి ఫోన్ చెయ్యాలి, ఆ మనిషి ప్రతిసారీ ఒక్కరే ఉండాలి. మొదటి జాబితాలో ఇరవై మూడు పేర్లు. పదకొండు మంది మళ్లీ లాగిన్ అయ్యారు, మిగతావాళ్లలో ముగ్గురు ఇక చదవమని స్పష్టంగా చెప్పారు, అదీ తెలియడం మంచిదే. ములుగు టీచరమ్మకు మళ్లీ చేశాం. పంటపనులు అయ్యాక చూస్తానంది.

హెల్ప్‌డెస్క్‌కిచ్చిన అధికారాన్ని మూడు వారాల్లో పందొమ్మిదిసార్లు వాడారు. కారణాలన్నీ చదివాను, రెండు మాత్రం అనుమానంగా ఉన్నాయి. డైరెక్టర్ గారు ఇంకో సెమిస్టర్ పొడిగించారు.

పరీక్షల విభాగం పెద్దాయన పేరు విషయంలో కాస్త దిగొచ్చారు: ఇంటి పేరు లేకుండా పేరొక్కటి, ఆఫీసు నంబరు, పదిన్నర నుంచి ఐదింటి దాకా అని. పరీక్షల మెసేజ్‌లన్నీ తనే తిరగరాసి సాయంత్రం నా బల్ల మీద పెట్టారు. బాగున్నాయి, నాకన్నా బాగా రాశారు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "సార్, ఒక్కటి మాత్రం ఉంచుకుంట. 'హాల్ టికెట్ లేనివారు పరీక్షకు అనుమతించబడరు.' ఇది మెత్తగ రాస్తే ఒక్కడు గూడ హాల్ టికెట్ తేడు" అన్నారు.

అది అలాగే ఉంచాం.